ఇక్కడేమీ లేదు

మా వంటింటి కిటికీ గట్టు మీద ఒక రేడియో ఉండేది. పాటలు పాడేది కాదు, పడవలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది. పొద్దున్నే పొయ్యి వెలిగించకముందే తమ్ముడు సిరిల్ దాని చెవి తిప్పేవాడు. రాత్రి పడుకోబోయే ముందు మరదలు డొరీన్ దాని నోరు మూసేది. ఆ రేడియోలో మా అన్నయ్య అంబ్రోజ్ గొంతు రోజూ వినిపించేది గానీ, మనిషి మా గడప తొక్కి ఏళ్లయింది. ఆయనుండేది ఏ దూరదేశమో కాదు, ఎదురిల్లే. ఆయన కిటికీకీ మా కిటికీకీ మధ్య బట్టలారేసే తాడూ, నేను వేసిన క్యాబేజీ మడీ తప్ప ఇంకేమీ లేవు.

గొడవకు కారణం చెప్పాలంటే నాకే సిగ్గు. న్యూఫౌండ్‌లాండ్ అనే మా కెనడా దీవి అంతటా కాడ్ చేపలు అడుగంటాయని వాటి వేటను ప్రభుత్వం మూసేశాక, మా ఊరు టింకర్స్ కోవ్‌లో మగవాళ్లంతా రేవులో చేతులు కట్టుకుని కూర్చున్నారు. సిరిల్ ఒక్కడూ పడవకు బెంచీలు బిగించి, తిమింగలాల్నీ పక్షుల్నీ చూపిస్తానని టూరిస్టుల్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు. అన్నయ్య నలుగురి ముందూ పగలబడి నవ్వాడు. "మా నాన్న కొడుకు తిమింగలాలకు పెళ్లిచూపులు పెట్టాడర్రా" అన్నాడు. మరుసటి వేసవికి తనూ ఒక పడవ కొని, దానికీ బెంచీలు బిగించి, అదే పనిలో దిగాడు. నవ్వినందుకు కాదు, నవ్వి మళ్లీ తనూ అదే పని చేసినందుకు సిరిల్ మాటలు మానేశాడు. పొరపాటైందని ఒప్పుకునే నోరు అన్నయ్యకు లేదు. మా ఇంట్లో ఎవరికీ లేదు, నాతో సహా.

రేడియోలో మాత్రం ఇద్దరూ మాట్లాడుకోక తప్పేది కాదు. అదీ తిమింగలాల గురించే. చేపల వేట రోజుల్లో మావాళ్లు రేడియోలో నిజం చెప్పిన పాపాన పోలేదు. వల బరువుకి పడవ ఒరిగిపోతున్నా "ఇక్కడేమీ లేదు, ఇంటికెళ్లిపోతున్నా" అనేవాళ్లు. విన్నవాళ్లంతా వెంటనే ఆ వైపు పడవ తిప్పేవాళ్లు. టూరిస్టుల పడవలు వచ్చాక రేవులో అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. తిమింగలాన్ని పట్టి ఇంటికి మోసుకుపోయేది లేదు కదా, కనిపిస్తే చోటు అందరికీ చెప్పాలని. అప్పటినుంచీ "గ్రీన్ హెడ్ కొండకొన దగ్గర రెండు" అని అన్నయ్య అనేవాడు. "విన్నాను" అని తమ్ముడు అనేవాడు. అన్నదమ్ముల మధ్య మిగిలింది ఆ రెండు ముక్కలే. నేను అంట్లు తోముకుంటూ ఆ ముక్కల కోసం చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని.

తొంభై ఏడు వేసవి మొదట్లోనే సిరిల్ భోజనాల బల్ల దగ్గర తేల్చి చెప్పేశాడు.

"వేసవిలో ఏటా జరిగే చర్చి గార్డెన్ పార్టీ నాటికి తిమింగలాలు రాకపోతే పడవ అమ్మేస్తా. ఒంటారియోలో డొరీన్ వాళ్లన్న కార్ల ఫ్యాక్టరీలో పని చూస్తానన్నాడు."

"కార్లు చేస్తావా? నీకు సైకిలు పంక్చరెయ్యడం రాదు" అన్నాను.

"నేర్చుకుంటా."

"మరి నేనో?"

"నువ్వూ రా అక్కా. నిన్నొదిలేసి పోతామా?"

నేను వెళ్తానా? పెళ్లీ పెటాకులూ లేకుండా ఆ ఇంట్లోనే పుట్టి ఆ ఇంట్లోనే తల నెరిసినదాన్ని. వేట ఆగిపోయి, నేను పనిచేసే చేపల షెడ్డు మూతబడ్డాక, సిరిల్ పడవ మీద మైకు పట్టుకుని ఇది ఈ పక్షి, అది ఆ పక్షి అని చెప్పడం నా పని అయింది. మా అమ్మ పేరే పెట్టుకున్న ఆ పడవ, 'మేరీ బ్రైడ్', పోతే ఆ ఇంట్లో నేనూ రేడియో మిగులుతాం. ఆ మాట తలుచుకుంటే అన్నం సహించేది కాదు.

ఆ జూన్ అంతా తూర్పుగాలి. పొగమంచు, సన్నటి ముసురు, ఎముకల్లోకి దిగే చలి. మేం దాన్ని కాప్లిన్ వాతావరణం అంటాం. జానెడు వెండి చేపలు కాప్లిన్లు, అలాంటి ముసురులోనే గుడ్లు పెట్టడానికి గుంపులుగా ఒడ్డుకొచ్చి గులకరాళ్ల మీద దొర్లుతాయి. వాటిని తినడానికి వెనకే హ్యాగ్డన్ పక్షులూ తిమింగలాలూ వస్తాయి. ఆ ఏడు ముసురు వచ్చింది గానీ కాప్లిన్ రాలేదు. సిరిల్ కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. వేసిన రంగే మళ్లీ వేసేవాడు. భోంచేస్తూ చేస్తూ లేచి, గుమ్మంలోకి వెళ్లి గాలి వాసన చూసి వచ్చేవాడు.

టూరిస్టులు మాత్రం వచ్చేవాళ్లు. మేమిచ్చిన నారింజ రంగు కోట్లలో వణుకుతూ బెంచీల మీద కూర్చునేవాళ్లు. ఒకరోజు టొరంటో నుంచి వచ్చిన ఒకావిడ నన్ను పిలిచింది.

"తిమింగలాలు ఎన్నింటికొస్తాయండీ?"

"టీ తాగి బయల్దేరతామన్నాయమ్మా."

ఆవిడ నిజంగానే గడియారం చూసుకుంది. పాపం అనిపించి ఆవిడకు రెండు అల్లం బిస్కెట్లు ఇచ్చాను.

పక్షుల దీవి కంటికి కనిపించకముందే ముక్కుకు తెలుస్తుంది. దగ్గరికి వెళ్లేసరికి కొండచరియ నిండా టర్ పక్షులు భుజం భుజం రాసుకుంటూ తగాదాలాడుతున్నాయి. పడవ ముందు తేలుతున్న పఫిన్లు రంగుల ముక్కులు పైకెత్తి, రెక్కలు టపటపలాడించి చులాగ్గా లేచిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. కడుపు నిండిన పఫిన్ అంత చులాగ్గా ఎగరలేదు. నీళ్ల మీద పల్టీలు కొట్టి, బొర్లా పడి, విసుగొచ్చి మునిగిపోతుంది. ఎగిరిందంటే ఆకలితో ఉన్నట్టే. ఆ మాట మైకులో చెప్పలేదు. కాసేపటికి డాల్ఫిన్లు కొన్ని గాల్లోకి ఎగురుతూ పడవ ముందు నుంచి పోయాయి. అందరూ కేకలేశారు. అవి ఆగలేదు. తిండి లేని చోట అవి మాత్రం ఎందుకాగుతాయి?

రేడియో గరగరలాడింది. పక్క రేవు లియో గొంతు.

"మేరీ బ్రైడ్, ఏమైనా ఉన్నాయా?"

"ఏమీ లేదు" అన్నాడు సిరిల్.

"నిజంగానా?"

"నిజంగానే రా నాయనా. ఒట్టేయమంటావా?"

"ఇక్కడా ఏమీ లేదు" అని మధ్యలో అన్నయ్య గొంతు పలికింది.

"విన్నాను" అన్నాడు సిరిల్. అంతవరకూ అందరూ నిజమే చెప్పారు.

అబద్ధం మొదట ఎవరాడారంటే లియోయే అంటాను నేను. డొరీన్ మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కొట్లో పని చేసేది. ఒక సాయంత్రం ఆయాసపడుతూ వచ్చింది.

"లియో పడవెక్కినవాళ్లు ఇవాళ మా కొట్టుకొచ్చారు. తిమింగలం ఊపిరి మొహాల మీద పడిందంట! కుళ్లిన క్యాబేజీ కంపు కొట్టిందని ఒకడు ఒకటే నవ్వడం. వాడి చొక్కా వాసన చూడమన్నాడు, చూశాను. నిజమే!"

సిరిల్ చెంచా కింద పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం లియో రేడియోలో "ఇక్కడేమీ లేదు" అనడం ముగ్గురం విన్నాం.

"మళ్లీ మొదలైంది" అన్నాడు సిరిల్.

మర్నాడు మాకు ఒక మింకీ తిమింగలం కనిపించింది. చిన్నది, ఒంటరిది, వీపు మాత్రం రెండుసార్లు చూపించింది. అంతలోనే రేడియోలో ఎవరో అడిగారు. సిరిల్ మైకు నోటి దగ్గర పెట్టుకుని "ఏమీ లేదు" అన్నాడు. ఫొటోలు తీస్తున్న టూరిస్టులు కెమెరాలు దించి వాడి మొహంలోకి చూశారు. నేను సముద్రంలోకి చూశాను. వారం తిరిగేసరికి రేడియోలో ఎవడి మాటా ఎవడూ నమ్మడం లేదు. అందరిదీ ఒకటే పాట, ఇక్కడేమీ లేదు. నాన్న బతికుంటే ఆ రేడియో విని ముచ్చటపడేవాడు.

ఆదివారం మధ్యాహ్నం ఉప్పుమాంసం, క్యాబేజీ, ముల్లంగి, బఠాణీల ముద్ద వండి, ఒక పళ్లెంలో సర్ది, పైన బట్ట కప్పి నేను ఎదురింటికి పట్టుకెళ్లేదాన్ని. నేను వెళ్లేటప్పుడు సిరిల్ కావాలని అటు తిరిగి పేపరు చదివేవాడు. అయినా మాంసం తక్కువైతే "ఆ ఎదురింటాయనకు ఇంకో ముక్క పడెయ్" అనేది కూడా వాడే.

భార్య పోయినప్పటి నుంచీ అన్నయ్య ఒంటరిగానే ఉండేవాడు. ఆ రోజు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. టీ తాగుతున్నాడనడం మర్యాదకే. కప్పులో సగానికి పైగా డబ్బా పాలు పోసుకుని, రంగు కోసం కాస్త టీ కలుపుకుంటాడు.

"ఏమే లొరెట్టా, వాడు నిజంగానే పడవ అమ్ముతాడా?" అన్నాడు పళ్లెం అందుకోకుండానే.

"నాకేం తెలుసు? నువ్వే అడుగు."

"నేనడిగితే అమ్మాలని లేకపోయినా అమ్ముతాడు."

"అయితే అమ్మమని చెప్పు. ఆగిపోతాడేమో."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "చిన్నప్పుడు చెరువు మీద ఐసు గట్టిపడిందా లేదా అని చూడ్డానికి నేను ముందెళ్లేవాణ్ణి, గుర్తుందా? రారా అంటే ఒడ్డునే కూర్చునేవాడు. నువ్వు రావద్దు, ఇక్కడేం లేదు అన్నాననుకో, నా వెనకే ఉండేవాడు వెధవ" అన్నాడు. కప్పు అడుగున ఉన్నది తాగేసి, మా ఇంటి వైపు చూశాడు. "రెండు పడవలకు సరిపడా తిమింగలాల్లేవే. ఒకటి ఒడ్డెక్కాలి. నాది ముసలి ఇంజను, వాడిది కుర్ర వయసు. కానీ ఆ మాట నేనంటే జాలిపడ్డానంటాడు."

"అను. జాలే అనుకోనీ. ఊపిరాడక చస్తున్నాను మీ ఇద్దరి మధ్యా" అన్నాను. గట్టిగానే అరిచాను. ఆయన పళ్లెం మీద బట్ట తీసి, మాంసం ముక్కలు ఎన్నున్నాయో చూసుకుని, తల దించుకుని తినడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత జూలై వచ్చినా వాతావరణం మారలేదు. ఒకరోజు పొద్దున పొగమంచు ఎంత దట్టంగా దిగిందంటే, బట్టల తాడు మీద ఆరేసిన దుప్పటి నాకు గుమ్మంలోంచి కనిపించలేదు. రావలసిన టూరిస్టులు రాలేమని ఫోన్ చేశారు. సిరిల్ వంటింట్లో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచాడు. డొరీన్ నానబెట్టిన గట్టి రొట్టెలో ఉప్పుచేప వేసి వేయించి పెడితే, నిలబడే తిన్నాడు. అప్పుడు రేడియోలో లియో గొంతు వచ్చింది.

"అంబ్రోజ్, ఇంజను చప్పుడు వినిపించింది. పొద్దున్నే వెళ్లింది నువ్వేనా?"

"నేనే."

"జనాన్ని ఎక్కించుకునే?"

"లేదు. ఒక్కణ్ణే. ఊరికే చూసొద్దామని."

"ఎక్కడున్నావ్?"

"గ్రీన్ హెడ్ అవతల."

"ఏమైనా ఉందా?"

కాసేపు గరగర. తర్వాత అన్నయ్య గొంతు నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పినట్టు వచ్చింది. "ఇక్కడేమీ లేదు. ఎవరూ రానక్కర్లేదు. మేరీ బ్రైడ్ అసలే రానక్కర్లేదు."

సిరిల్ ఒంటికాలి మీద లేచాడు. "విన్నారా? మేరీ బ్రైడ్ రానక్కర్లేదంట! కాప్లిన్ పడింది అక్కడ. గుంపు గుంపంతా అక్కడే ఉంది. దాచుకుంటున్నాడు. సముద్రం ఆయన అత్తవారిచ్చిందా?"

"పొగమంచులో ఎక్కడికి? నీ ముక్కు నీకే కనిపించదు" అంది డొరీన్.

"రాడార్ ఉంది. చోటు తెలిస్తే చాలు, రేపు జనాన్ని తిన్నగా అక్కడికే తీసుకెళ్తా. అక్కా, కోటేసుకో. ముందు నిలబడి చెవులు పెట్టు."

వెళ్లాలా వద్దా అని నేను ఆలోచించలేదు. ఇంట్లో కూర్చోవడం నావల్లా కావడం లేదు.

రేవు దాటగానే ప్రపంచం పోయింది. తెల్లటి చీకటి. పడవ ముక్కు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. టర్ల కాట్లాట కుడి పక్క నుంచి వినిపించింది, దీవి దాటాం అనుకున్నాను. వాసన వెనకబడింది. అలలు మాత్రం పొడుగ్గా, బరువుగా లేచి పడుతున్నాయి. తిమింగలం ఊపిరి పొగమంచులో చాలా దూరం నుంచి వినిపిస్తుంది. నాకు వినిపించలేదు. హ్యాగ్డన్ పక్షులుంటే కాప్లిన్ మీద పడి పిల్లుల్లా అరుస్తాయి. ఒక్కటీ లేదు.

"ఏమైనా వినిపిస్తోందా?" అని సిరిల్ కేకేశాడు.

"ఏమీ లేదురా. నిజంగా ఏమీ లేదు."

"రాడార్‌లో ఆయన చుక్క కనబడుతోంది. కదలడం లేదు. తిమింగలాల మధ్యే ఇంజనాపి కూర్చున్నాడు."

ఇంకాస్త వెళ్లాం. అప్పుడు వినిపించింది. ఊపిరి కాదు. నీళ్లు పైకి లేచి, రాతి మీద విరిగి, జారే చప్పుడు. గ్రీన్ హెడ్ అవతల నీటికి కాస్త కిందగా దాగి ఉండే రాళ్ల వరస ఒకటుంది. మా తాతల నాటి నుంచీ పడవల్ని మింగిన రాళ్లు అవి. చచ్చిన వాళ్ల పేర్లు ప్రార్థనలో చదివేటప్పుడు మా ఊళ్లో సగం మంది ఆ రాళ్ల వైపే తల తిప్పుతారు.

"సిరిల్! వేగం తగ్గించు! రాళ్లు!"

పొగమంచులోంచి అన్నయ్య పడవ వెనక భాగం బయటపడింది. ఇంజను ఆగి ఉంది. ముందు లంగరు తాడు బిగుసుకుని ఉన్నా, ఒక్కో అలకూ పడవ కొంచెం కొంచెంగా రాళ్ల వైపు జరుగుతోంది. అన్నయ్య పొడుగాటి గెడకర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కాళ్ల దగ్గర నాచు పట్టిన పాత కాడ్ వల ఒకటి కుప్పగా పడి ఉంది. దాని మిగతా భాగం నీళ్లలోకి, పడవ అడుగున తిరిగే ఇంజను రెక్కల్లోకి పోయింది. వేట రోజుల్లో ఎవడో పోగొట్టుకున్న వల, ఇన్నేళ్లూ సముద్రంలో తిరిగి తిరిగి ఆయన్నే పట్టుకుంది.

అన్నయ్య మమ్మల్ని చూశాడు. సిరిల్ ఆయన్ని చూశాడు. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"లొరెట్టా," అన్నాడు అన్నయ్య, "వాడికి చెప్పు. ఎడమ పక్క నుంచి రావద్దని. అటే రాళ్లున్నాయి."

"అక్కా, ఆయనకు చెప్పు. రాళ్లెక్కడున్నాయో నాకూ తెలుసని."

"తెలిస్తే సూర్యుడు తిరిగే వైపు తిప్పమను పడవని. అటు కాదు. అపశకునం."

"పొగమంచులో సూర్యుడెక్కడున్నాడో చూపించమను ముందు!"

ఇద్దరి మధ్యా దూరం ఒక మంచం పొడవు కూడా లేదు. నాకు ఒళ్లు మండింది.

"నోర్ముయ్యండి ఇద్దరూ! ఇంకొక్క మాట నాతో చెప్పారంటే మిమ్మల్ని ఇక్కడే వదిలేసి ఈదుకుంటూ పోతాను. నాకు ఈత రాదని కూడా చూడను!"

సిరిల్ తాడు విసిరాడు. అన్నయ్య పట్టుకుని ముడేశాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒక్క మాటా అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు. నాన్న పడవలో చిన్నప్పటి నుంచీ కలిసి తాళ్లు లాగిన చేతులు వాళ్లవి. ఒకడు వదిలితే ఇంకొకడు బిగించాడు. లంగరు తాడు కోసేశారు. మేరీ బ్రైడ్ ఇంజను మూలిగింది. ఒక అల మా వెనక రాళ్ల మీద విరిగి, తుంపర నా మెడ మీద పడింది. మెల్లగా, చాలా మెల్లగా, ఆ చప్పుడు వెనకబడింది. సిరిల్ పడవను సూర్యుడు తిరిగే వైపే తిప్పాడు. నేను గమనించాను.

రేవులో అన్నయ్య దిగగానే అడిగాను. "రక్షణ బోటును పిలవాల్సింది కదా. కనీసం లియోకైనా చెప్పాల్సింది. రేడియో పనిచేస్తూనే ఉంది కదా?"

"ఏం చెప్పాలో అది చెప్పాను" అన్నాడు. తడిసిన టోపీ పిండుకుని ఇంటికి నడిచి వెళ్లిపోయాడు.

ఆయన పడవను ఒడ్డుకు లాగారు. ఇరుసు వంగిపోయింది, ఈ ఏడు మళ్లీ నీళ్లు చూడదన్నారు. ఒక పడవ ఒడ్డెక్కింది కదా, ఇక సిరిల్ మనసు మారుతుందని నేను లోలోపల ఆశపడ్డాను. తప్పు. వాడికి మరీ నిలకడ లేకుండా పోయింది. ఒకటే మాట తిప్పి తిప్పి అడిగేవాడు. ఆయన్ని కాదు, నన్నూ డొరీన్‌నీ, ఒక్కోసారి పొయ్యినీ.

"ఎందుకు పిలవలేదు? ముక్కూ మొహం తెలియనివాడు పిలిచినా వెళ్లేవాణ్ణి కదా. నేను రాననుకున్నాడా? రాళ్ల మీద పడి చస్తాడు గానీ నన్ను మాత్రం పిలవడు. అంత కానివాణ్ణయ్యానా?"

"వెళ్లి ఆయన్నే అడుగు" అంది డొరీన్.

"అడగను. నేనక్కర్లేని చోట నేనుండను."

ఆ సాయంత్రం ఒంటారియోకు ఫోన్ చేసి, గార్డెన్ పార్టీ కాగానే వస్తున్నామని బావమరిదికి చెప్పాడు. నేను పెరట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా క్యాబేజీ మడిలో కలుపు పీకాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఎదురింటి కిటికీ తెర కదిలింది. నేను ఏడవడం ఆయన చూశాడు, చూడనీ అనుకున్నాను. తర్వాత కంచె దగ్గరికి వచ్చాడు.

"ఏమైందే?"

"నీ తమ్ముడు పోతున్నాడు. నువ్వు పిలవలేదని పోతున్నాడు. నీకు వాడక్కర్లేదంట" అన్నాను. ఆయన కంచెలో వదులైన మేకును వేలితో లోపలికి నొక్కి, ఇంట్లోకి వెళ్లిపోయాడు.

గార్డెన్ పార్టీకి బల్లలు మోసుకెళ్తున్న వారంలో, ఒక తెల్లవారుజామున, పిల్లలు వీధిలో అరుచుకుంటూ పరుగెత్తారు. "కాప్లిన్! కాప్లిన్ దొర్లుతోంది!" ఊరంతా బకెట్లతో, చేతివలలతో ఒడ్డుకు పరుగు తీసింది. గులకరాళ్లు కనిపించలేదు. ఒడ్డు పొడవునా వెండి. ఒక్కో అల వచ్చి బుట్టెడు చేపల్ని మా బూట్ల మీద కుమ్మరించి పోతోంది. సిరిల్ ఒక పక్క, అన్నయ్య ఒక పక్క వంగి బకెట్లు నింపుకున్నారు. వీపులు తగిలేంత దగ్గరగానే ఉన్నారు గానీ తిరగలేదు.

ఆ ఉదయం మా పడవకు టూరిస్టులు బెంచీలన్నీ నిండేలా వచ్చారు. సిరిల్ ఇంజను వేశాడు. నేను తాడు విప్పబోతుంటే అన్నయ్య బూట్లు కాప్లిన్ పొలుసులతో మెరుస్తూ రేవు మీదుగా నడిచొచ్చి, ఎవరినీ అడక్కుండా పడవెక్కి, తిన్నగా చుక్కాని గదిలోకి వెళ్లి మూల నిలబడ్డాడు. సిరిల్ తిరిగి చూడలేదు. దిగమనీ అనలేదు. నేను గబగబా తాడు విప్పేశాను, ఎవరైనా మనసు మార్చుకునేలోపు.

గ్రీన్ హెడ్ దాటకముందే కనిపించాయి. ముందు హ్యాగ్డన్లు, నీటిని తాకేంత కిందగా, వేలకొద్దీ, పిల్లుల్లా అరుస్తూ. పఫిన్లు కడుపులు నిండి ఎగరలేక నీళ్ల మీద బొర్లా పడుతున్నాయి. తర్వాత ఒక ఊపిరి, దాని వెనక ఇంకొకటి. హంప్‌బ్యాక్ తిమింగలాలు నోళ్లు తెరుచుకుని నీటిలోంచి నిలువునా లేస్తుంటే, కాప్లిన్లు వాటి దవడల అంచుల నుంచి చిమ్ముతున్నాయి. డాల్ఫిన్లు ఈసారి ఆగాయి. మైకులో నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. బహుశా ఏమీ చెప్పలేదు. ఒక ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, చర్చిలో ఉన్నట్టు.

నేను చుక్కాని గదిలోకి వెళ్లేసరికి రేడియో గరగరలాడింది. లియో.

"మేరీ బ్రైడ్, ఏమైనా ఉందా?"

సిరిల్ మైకు అందుకోబోయాడు. అన్నయ్య ముందుగా అందుకున్నాడు.

"ఇక్కడేమీ లేదు" అన్నాడు, ఒక్కొక్క మాటా విడమరిచి. "ఎవరూ రానక్కర్లేదు."

"ఎందుకు అబద్ధం?" అని సిరిల్ ఆయన మొహం మీదే అడిగాడు. అన్నేళ్ల తర్వాత ముఖాముఖి వాడు అన్న మొదటి మాట అది.

అన్నయ్య మైకు కొక్కేనికి తగిలించాడు. "రారా అని పిలిస్తే మనవాళ్లలో ఎవడొచ్చాడ్రా ఎప్పుడైనా? అటు చూడు."

మేం ముగ్గురం అద్దంలోంచి చూశాం. దూరంగా లియో పడవ చుట్టూ తిరిగి ముక్కు మా వైపు పెట్టింది. దాని వెనక ఇంకొకటి. దీవి చాటు నుంచి మూడోది కూడా.

సిరిల్ ఆ పడవల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.  "మేరీ బ్రైడ్ అసలే రానక్కర్లేదు" అని ఆనాటి మాటనే తనలో తను అనుకున్నాడు.

"అక్కా, కెటిల్ పెట్టు" అన్నాడు చివరికి, అటువైపే చూస్తూ. "అన్నయ్యకు పాలు ఎక్కువ పొయ్యి."